పిలుపుల జట్టు

క్వోలె, స్కార్‌డాల్ లోయ
1968 అక్టోబరు 6

ఆస్లౌగ్ అక్కకి,

ముందు నీ తుంటి ఎముక సంగతి అడగాలని తెలుసు. అడిగాననుకో. ఎలా ఉందో నువ్వు రాసేలోపు నా సంగతులు చెబుతాను.

రాజధాని నుంచి నిఘంటువు వాళ్ళు మళ్ళీ చీటీల కట్ట పంపారు. పద్దెనిమిదేళ్ళుగా ఈ లోయ మాటలు ఏరి వాళ్ళకి పంపుతున్నాను. ఏడు తరగతులు చదివిన మేకల కాపరి అర్థం చెబితే పండితులు దాన్ని అచ్చేస్తారు, అందులో ఉన్న మజా నీకు తెలియదు. ఆ మధ్య మేక పొదుగు జబ్బుకి మనం అనే మాట ఒకటి పంపితే, ధన్యవాదాలు చెబుతూ ఒక ఆచార్యుడు స్వయంగా సంతకం పెట్టి రాశాడు. ఆ ఉత్తరం మేకకి చూపించాను. అది తినబోయింది.

ఈసారి వాళ్ళు అడిగిన మాట బేదెలాగ్. నీకు తెలియనిది కాదు, కానీ చీటీ మీద నేనేం రాశానో చదివి తప్పులుంటే చెప్పు.

మొదటి సగం బేదె. అడగడం, పిలవడం. దేవుణ్ణి వేడుకోవడానికీ అదే మాట. అంటే మనవాళ్ళు దేవుణ్ణీ పక్కింటివాణ్ణీ ఒకే గొంతుతో అడిగేవాళ్ళన్నమాట, ఇద్దరూ రాకపోవచ్చని తెలిసే. రెండో సగం లాగ్. పక్కపక్కన పరచడంలోంచి పుట్టింది. దుంగ మీద దుంగ పేర్చి గోడ కడితే ఒక్కో వరసా ఒక లాగ్. మనుషుల్ని అలా పక్కపక్కన నిలబెడితే జట్టు, అదీ లాగే. పాత భాషలో దాన్నే బహువచనం చేస్తే చట్టమైంది. పరిచిపెట్టినవన్నీ కలిస్తే చట్టం.

రెండు సగాలూ అతికిస్తే, పెళ్ళికీ చావుకీ ఒకరినొకరు పిలిచి తీరాల్సిన ఇళ్ళ జట్టు. ఇష్టమున్నా పిలవాలి, మొహం చూడబుద్ధి కాకపోయినా పిలవాలి. పిలిచేవాడు నల్లకోటు వేసుకుని ఇంట్లోకి రావాలి, తలుపు పక్క బల్ల మీద కూర్చోవాలి, పెట్టింది తినాలి, అప్పుడు చెప్పాలి: "మా ఇల్లు మిమ్మల్ని పిలుస్తోంది. మా ఇంట్లో ఒకరు పోయారు. మోయడానికీ, మాతో కలిసి తినడానికీ రమ్మంటోంది." పోయినవాళ్ళ పేరు చెప్పకూడదు. జట్టులో ఉన్నవాడికి ఎవరు పోయారో చెప్పాల్సి వస్తే వాడు జట్టే కాదు.

మన జట్టులో ఆరు ఇళ్ళు. ఇప్పుడు పొగ వచ్చేవి రెండే. ఒకటి మన క్వోలె, రెండోది ఏటి అవతల రూయి. ఆ ఇంటి గూద్లైక్ గాడి గడ్డి ఇంకా ఆరేసిన కర్రల మీదే తడుస్తోంది. అక్టోబరు వచ్చినా ఎత్తలేదు. ముసలితనంలో బద్ధకం పట్టినట్టుంది.

చీటీలో ఉదాహరణ కావాలి. నాన్నని మోసిన రోజు ఆరో మనిషి ఎవరో గుర్తుందా?

తమ్ముడు
తారాల్డ్

—

బెర్గెన్
అక్టోబరు 14

తారాల్డ్,

తుంటి బాగానే ఉంది, అడిగావనుకున్నాను కదా. రెండు చేతికర్రల మీద కిటికీ దాకా వెళ్ళగలను. మెట్లు దిగడం వసంతం దాకా లేదన్నాడు డాక్టరు. మూడో అంతస్తులో ఉన్నాను, అంచేత రేవులో వాన ఎలా పడుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఇప్పుడు ఈ ఊళ్ళో లేరు.

ఆరో మనిషి లేడు. నీకు గుర్తులేకపోవడమేమిట్రా? ఆ పక్క నువ్వొక్కడివే రెండు చేతులా పట్టుకుని, చర్చి దాకా కుంటుకుంటూ వెళ్ళావు. రూయి నుంచి రావలసిన చోటు అది. ఈ సంగతి నా నోటితో చెప్పించుకోవడానికే అడిగావు. నిన్ను నేను అరవై తొమ్మిదేళ్ళుగా ఎరుగుదును.

"లాగ్" మీద అంత రాశావు. గడ్డి తడుస్తోందన్నది ఒక్క ముక్కలో తేల్చేశావు. గూద్లైక్ జీవితంలో సెప్టెంబరు దాటించి గడ్డి బయట ఉంచిన మనిషి కాదు. ఒంట్లో బాగా లేదేమో? వెళ్ళి చూడు. వంతెన విరిగిపోలేదు కదా. ఇంకొకటి, ఆయన నీకంటే పెద్దవాడు. "గాడు" ఏమిటి?

మాటల్ని విప్పదీయడం నీకు గడియారాలు విప్పిన దగ్గర్నుంచీ ఉన్న జబ్బు. అవి మళ్ళీ నడిచినట్టు నాకు జ్ఞాపకం లేదు.

ఆస్లౌగ్

—

క్వోలె
అక్టోబరు 25

అక్కా,

రూయి పక్షం తీసుకున్నావు. సరే. నీకు దూరం నుంచి చూస్తే అన్నీ సమానంగా కనిపిస్తాయి.

నలభై ఆరేళ్ళయింది కాబట్టి నువ్వు కొంత మరిచిపోయి ఉంటావు, నేను గుర్తుచేస్తాను. నాన్న పోయిన ఆ ఆగస్టులో నాకు ఇరవై మూడు. పిలవడానికి నేనే వెళ్ళాను. ఐదు ఇళ్ళు, ఒక్క రోజు. మొదటి నాలుగిళ్ళలోనూ కూర్చున్నాను, నాలుగిళ్ళలోనూ మీగడ గంజి తిన్నాను. మీగడ గంజి నాలుగుసార్లు తిన్నవాడి పరిస్థితి ఏ నిఘంటువులోనూ ఉండదు. ఐదోది రూయి. మబ్బు పట్టింది. గూద్లైక్ పొలంలో గడ్డి ఎత్తుతున్నాడు, తడిస్తే పోతుందని పరుగుమీదున్నాడు. అతన్ని ఇంట్లోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టి గంజి పెట్టించుకోవడం కన్నా, కంచె దగ్గరే నిలబడి చెప్పేస్తే అతనికే మేలని చెప్పేశాను. అతను తల ఊపాడు. అంతే జరిగింది.

తరవాత వాళ్ళమ్మ ఏమందో లోయంతా చెప్పుకుంది: "కంచె మీంచి పిలిచేది తప్పిపోయిన దూడ కోసం. రూయి ఇంటికి పిలుపు రాలేదు." వాళ్ళు రాలేదు. నాన్న ఐదుగురి భుజాల మీద ఒరిగి వెళ్ళాడు. ఆ తరవాత గూద్లైక్ పెళ్ళికి మనకి పిలుపు లేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు లేదు, పెళ్ళాం పోయినప్పుడూ లేదు. ఒక్కోసారి ఈ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, పిలిచేవాడు మా మలుపు దగ్గరికి వచ్చి తిరిగి వెళ్ళిపోవడం.

ఇక ఇప్పటి సంగతి. వారానికి రెండుసార్లు బస్సులో వచ్చే నర్సమ్మని అడిగాను. నువ్వన్నదే నిజం. పక్షవాతం. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. కూతురు గున్‌వోర్ పట్నం నుంచి వచ్చి చూసుకుంటోందట. మనిషికి తెలివి ఉందా అంటే, "కళ్ళు చూస్తే ఉందనిపిస్తుంది, గంజి పెడితే లేదనిపిస్తుంది" అంది నర్సమ్మ.

వెళ్ళమంటావు. ఏమని వెళ్ళను? పిలుపు లేకుండా ఆ గడప తొక్కిన క్వోలె మనిషి లేడు. నీకు ఇంత ఆదుర్దా ఎందుకో నాకు అర్థమైంది. తుంటి విరిగాక, రేపు నిన్ను ఎవరు మోస్తారా అని బెంగ పట్టుకుంది. తుంటి విరిగి ఎవరూ చావరు. నిన్ను మోయడానికి నేనున్నాను, ఒక పక్కంతా మోసిన అనుభవం కూడా ఉంది.

తారాల్డ్

—

బెర్గెన్
నవంబరు 4

తారాల్డ్,

నన్ను ఎవరు మోస్తారో అని కాదురా. నీకు తెలియని ఒక సంగతి ఉంది. చెప్పకుండా పోదామనుకున్నాను. నీ ఉత్తరం చదివాక చెప్పకపోతే అన్యాయమనిపించింది, నీకు కాదు, ఆయనకి.

ఆ ఏడు సెప్టెంబరు ఆఖరున, మందలు కొండ దిగాక, గూద్లైక్ మన ఇంటికి సంబంధం మాట్లాడ్డానికి మనిషిని పంపాలి. ఇద్దరం అనుకున్నాం. రెండు వేసవులు కొండమీద పశువుల పాకల దగ్గర అనుకున్నాం. నాన్నకి చెప్పలేదు, ఆగస్టులో నాన్న పోయాడు. తరవాత నువ్వు కంచె దగ్గర నిలబడ్డావు. "పిలవడం రాని ఇంటి పిల్ల ఈ ఇంట్లో అడుగుపెట్టదు" అంది వాళ్ళమ్మ. ఆయన నాకు కబురు పంపాడు, అమ్మని ఒప్పిస్తాను, ఆగమని. ఏడాది ఆగాను. నిండా ఏడాది. మరుసటి సెప్టెంబరులో మందలు దిగాయి, ఎవరూ రాలేదు. అప్పుడు పెట్టె సర్దుకుని ఈ ఊరు వచ్చాను. చేతితొడుగులు కుట్టే పని మీద మోజుతో వచ్చానని నువ్వు అందరికీ చెప్పావు. చేతితొడుగుల మీద ఎవరికి మోజుంటుందిరా?

నీకెందుకు చెప్పలేదంటావా? శవపేటికని రెండు చేతులా పట్టుకున్నప్పుడు నీ మొహం చూశాను. దాని మీద ఇది కూడా పెట్టలేకపోయాను. తరవాత అలవాటైపోయింది.

నేను రాలేను. నువ్వు వెళ్ళు. నల్లకోటు వేసుకుంటావో, గొర్రెతోలు కప్పుకుంటావో నీ ఇష్టం. నేను ఏడాది ఆగానని ఆయనకి చెప్పు. ఆ ఏడాదీ నేను ఇంట్లో ఉన్నది ఆయన కోసం కాదని వాళ్ళమ్మ ఆయనతో చెప్పిందని తరవాత నాకు తెలిసింది. ఆయన అదే నమ్మి పోకూడదు. అంతే, ఇంకేమీ అక్కర్లేదు.

ఆస్లౌగ్

—

క్వోలె
నవంబరు 19

అక్కా,

నీ ఉత్తరం తొమ్మిదో తారీఖున అందింది. పదమూడు దాకా నేను మనిషిని కాదు. ఆ నాలుగు రోజులూ మేకలకి ఏం పెట్టానో, పెట్టానో లేదో కూడా తెలియదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పద్నాలుగున వెళ్ళాను.

ఎలా వెళ్ళాలా అని చాలా ఆలోచించాను. క్షమించమని అడగడం తేలిక, దానికి మోకాళ్ళుంటే చాలు. కానీ నేను బాకీ పడ్డది క్షమాపణ కాదు, పిలుపు. ఆ రోజు ఇంట్లో కూర్చుని చెప్పవలసిన మాటలు అలాగే, అక్కడే కూర్చుని చెప్పాలి. అప్పుడే ఆ ముడి ఎక్కడ పడిందో అక్కడ విడుతుంది. ఆ తరవాత నీ కబురు చెప్పాలి. ఇదీ నా ఏర్పాటు. నాన్న నల్లకోటు తీశాను. భుజాల దగ్గర పురుగు కొట్టింది, అయినా కోటు కోటే.

వంతెన దాటాను. తలుపు గున్‌వోర్ తీసింది. నలభై దాటిన మనిషి, పట్నం జుట్టు, వంటింట్లో రేడియో మోగుతోంది. "క్వోలె తాతగారా? రండి, చలిలో నిలబడ్డారేం, కాఫీ పెడతాను" అంది, నేను రోజూ వచ్చి పోయేవాణ్ణయినట్టు. నలభై ఆరేళ్ళ పగ ఆ పిల్లకి కోటు కొక్కెం చూపించినంత తేలికైపోయింది. కోటు విప్పమంది. విప్పలేదు.

ఆయన మంచం ముందుగదిలో ఉంది. తలుపు పక్క బల్ల అక్కడే ఉంది, కూర్చున్నాను. ఎండురొట్టె, మేక జున్ను పెట్టింది. తిన్నాను. ఆయన నన్ను చూశాడు. ముసలాడైపోయాడు అక్కా. కానీ కనుబొమలు అవే.

ముందుగా "ఇది ఆనాటి పిలుపు, ఆలస్యమైంది" అని చెప్పాలని దారంతా వల్లె వేసుకున్నాను. తీరా బల్ల మీద కూర్చున్నాక ఆ ముక్క ఎగిరిపోయింది. తిన్నగా అసలు మాటలే వచ్చాయి. "మా ఇల్లు మిమ్మల్ని పిలుస్తోంది. మా ఇంట్లో ఒకరు పోయారు. మోయడానికీ, మాతో కలిసి తినడానికీ రమ్మంటోంది." ఒక్క అక్షరం తప్పలేదు.

తరవాత నీ కబురు. గున్‌వోర్ మంచం కాళ్ళ దగ్గరే నిలబడి ఉంది. ఆ పిల్ల తల్లి ఫోటో గోడ మీద ఉంది. ఆ పిల్ల ముందు ఎలా చెప్పను? "ఆస్లౌగ్..." అన్నాను. నీ పేరు ఒక్కటే బయటికి వచ్చింది, తక్కింది రాలేదు.

చాలింది అక్కా. ఆయనకి అర్థమైంది. కళ్ళ నీళ్ళు కారాయి, ఆగకుండా, దిండు తడిసిపోయేలా. ఎడమ చెయ్యి చాపితే పట్టుకున్నాను. నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఆ పట్టు చూసి గున్‌వోర్ వెళ్ళి రేడియో కట్టేసింది. నలభై ఆరేళ్ళ కోపం ఆ కళ్ళలోంచి పోవడం చూశాను. ఇంటికొచ్చి, ఎన్నేళ్ళకో, భోజనానికి కూర్చునే ముందు ప్రార్థన చేశాను.

మళ్ళీ వెళ్ళను. పిలిచేవాడు ఒక గడప రెండుసార్లు తొక్కకూడదు, మొదటి పిలుపు మీద నమ్మకం లేనట్టవుతుంది. నీ మిగతా మాట ఆ కన్నీళ్ళలోనే ఉంది. ఇప్పుడు నువ్వు నిశ్చింతగా ఉండు.

మంచు బాగా పడుతోంది. ఈ ఉత్తరం పట్టుకెళ్ళే బస్సే ఆఖరిదేమో అంటున్నారు.

నీ తమ్ముడు
తారాల్డ్

—

బెర్గెన్
నవంబరు 25

తారాల్డ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను, నువ్వు అనుకున్న కారణానికే. మూడోసారి చదువుతుంటే ఒళ్ళు చల్లబడింది.

నల్లకోటు వేసుకుని వెళ్ళావు. బల్ల మీద కూర్చున్నావు. తిన్నావు. మా ఇంట్లో ఒకరు పోయారన్నావు. పోయినవాళ్ళ పేరు ఎప్పుడూ చెప్పరు, జట్టువాడికి తెలుస్తుంది కాబట్టి. క్వోలె ఇంట్లో ఇంకెంతమంది ఉన్నాంరా? ఇద్దరం. ఒకడు ఎదురుగా కూర్చుని రొట్టె తింటున్నాడు. ఆ పైన నా పేరు చెప్పి ఆగిపోయావు.

ఆయన ఏడ్చింది నాన్న కోసం కాదు. కోపం పోయి కాదు. నేను చచ్చిపోయాననుకున్నాడు.

ఇది అందిన నిమిషంలో లేచి వెళ్ళు. కోటు వద్దు. పాలు పితికే బట్టలతో వెళ్ళు. రెండుసార్లు గడప తొక్కకూడదన్న మాట నా దగ్గర చెప్పకు. ఆస్లౌగ్ బతికే ఉంది, తుంటి విరిగింది, మూడో అంతస్తులో కూర్చుని నిన్ను తిడుతోంది అని చెప్పు. గున్‌వోర్ ముందే చెప్పు. ఏడాది ఆగిందని కూడా ఆ పిల్ల ముందే చెప్పు. వాళ్ళమ్మ ఫోటో వింటే విననీ.

లోయ మొదట్లో కొట్టుకి మూడుసార్లు ఫోను చేయించాను. మంచుకి తీగ తెగిందట. తంతి కూడా అదే తీగ మీద వెళ్ళాలి. అందుకే ఇది రాస్తున్నాను, కింద పోర్షను ఆవిడ రైలు దగ్గరికి పరుగెత్తి వేస్తానంది.

వెళ్ళు.

ఆస్లౌగ్

—

క్వోలె
డిసెంబరు 10

అక్కా,

నీ ఉత్తరం డిసెంబరు రెండున అందింది. దారి పదకొండు రోజులు మూసుకుపోయింది. మంచు తీసే బండి ముందు వచ్చింది, దాని వెనకాల నల్ల కారు, దాని వెనకాల టపా బస్సు. మూడూ ఒకే జాడలో వచ్చాయి. నల్ల కారు రూయి వైపు తిరిగింది. బస్సు నా దగ్గర ఆగి నీ ఉత్తరం ఇచ్చింది. మలుపు దగ్గరే చించి చదివాను.

గూద్లైక్ నవంబరు ఇరవై ఏడున పోయాడు. కారు వచ్చేదాకా ఆ ఐదు రోజులూ ఆయన్ని ముందుగదిలోనే కిటికీ తెరిచి ఉంచారట. అవతల పొగ సన్నబడింది, అది చూసి, కూతురికి పొయ్యి వెలిగించడం రాదనుకున్నాను.

నువ్వు రాసింది చదవకముందు నాకు తట్టలేదు. చదివాక తట్టకుండా ఉన్న క్షణం లేదు.

నాలుగున ఖననం. గున్‌వోర్ ఎవరినీ పిలవలేదు, పేపరులో వేయించింది: అందరికీ ఆహ్వానం. అందరికీ అంటే ఎవరికో నాకు ఎప్పుడూ అర్థం కాదు. అయినా వెళ్ళాను, పిలుపు లేకుండానే, మోయడానికి. చర్చి ముందు చెయ్యి వేయబోతే ఖననం ఏర్పాట్లు చేసే కంపెనీ మనిషి ఒకడు, మర్యాదస్తుడే, "తాతగారూ, మీరు ఇటు రండి, దీనికి చక్రాలున్నాయి" అన్నాడు. ఉన్నాయి. రబ్బరు చక్రాలు. ఎవరి భుజమూ అక్కర్లేకుండా ఆయన వెళ్ళిపోయాడు.

తరవాత కాఫీ దగ్గర గున్‌వోర్ నా పక్కన కూర్చుంది. మంచి పిల్ల. నాకు కృతజ్ఞతలు చెప్పింది. "మీరొచ్చి వెళ్ళాక నాన్న మారిపోయాడు తాతగారూ" అంది. నువ్వు నిజం చెప్పమంటావు కాబట్టి ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

నేను వెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున ఆయన ఎడమ చేత్తో బీరువా చూపించాడట. ఒక్కొక్కటే తీసి చూపిస్తే, నల్లకోటు తీసేదాకా ఊరుకోలేదట. తొడగమన్నాడు. గడ్డం గీయమని దవడ నిమిరి చూపించాడు. గీసింది. దిండ్లు పెట్టి కూర్చోబెట్టమన్నాడు, తలుపువైపు మొహం ఉండేలా. అలా కూర్చున్నాడు. సాయంత్రం కోటు విప్పబోతే విప్పనివ్వలేదు. మర్నాడు మళ్ళీ గడ్డం. ఆ మర్నాడు మళ్ళీ. బయట బండి చప్పుడైనప్పుడల్లా లేవబోయేవాడట. తిండి ముట్టలేదు. పదమూడు రోజులు. ఆఖరి రోజున కూడా కూర్చునే ఉన్నాడు.

"చావుకి అంత ప్రశాంతంగా సిద్ధమైన మనిషిని నేను చూడలేదు, మీరేం చెప్పారో గాని ధైర్యం ఇచ్చారు" అంది గున్‌వోర్. నేను తల ఊపాను. ఆ కోటుతోనే పాతిపెట్టారు.

ఆయన సిద్ధమైంది తన చావుకి కాదు. నిన్ను మోయడానికి. ఒక పక్క కాలూ చెయ్యీ లేని మనిషి, పిలుపు అందింది కాబట్టి, తీసుకెళ్ళడానికి ఎవరో ఒకరు వస్తారని పదమూడు రోజులు తలుపు చూస్తూ కూర్చున్నాడు. పిలిచినవాణ్ణి నేను, ఏటికి ఇవతల, పని చక్కబెట్టానన్న తృప్తితో నిద్రపోయాను.

నువ్వు ఏడాది ఆగావన్న మాట ఆయనకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఇది రాసేముందు నీకు ఇంకో ఉత్తరం రాశాను. అందులో రెండో తారీఖున పాలబట్టలతో పరుగెత్తాను, ఆయన బతికే ఉన్నాడు, నువ్వు తిడుతున్నావంటే ఒక పక్క మూతితో నవ్వాడు. చాలా బాగా వచ్చింది ఆ ఉత్తరం, నా జీవితంలో అంత బాగా ఏదీ రాయలేదు. పొయ్యిలో వేశాను. నువ్వు అడిగేదానివి, ఏ పక్క మూతితో అని.

రూయి అమ్మకానికి పెట్టారు. కొనేవాడు ఉండడు. ఇవాళ పొద్దున అటు చూశాను, పొగ లేదు. ఇక ఈ లోయలో నువ్వు బతికే ఉన్నావని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

తారాల్డ్